సోడా తాగినవారి సమ్మతి

ఆషాఢం చివరి ఆదివారం, సాయంత్రం. స్థలం: అనంతపురంలో మా తమ్ముడి పట్టుచీరల అంగడి, సగం దించిన షట్టరు వెనక. హాజరైనవారు: అంగడి యజమాని అయిన మా తమ్ముడు, అతని భార్య, అంటే నా మరదలు, అంగడి లెక్కలూ కంప్యూటరూ చూసుకునే వారి కూతురు, నేను. పిలవకుండా వచ్చినవారు: శింగనమల నుంచి ఒక రైతు, ఆయన భార్య. అందరి మధ్యా తెల్లగుడ్డ పరిచిన పరుపు మీద అంగడి ఫోను.

ట్రెజరీ ఆఫీసులో పనిచేసిన నాటి నుంచి, నలుగురు కూర్చుంటే ముందు హాజరు రాసుకోవడం నాకు అలవాటు. ఫోనును హాజరులో చేర్చడం ఇదే మొదలు. ఆ రోజు మేము కూర్చున్నదే ఆ ఫోను నంబరు ఉంటుందా పోతుందా అని తేల్చుకోవడానికి గనక దాన్ని వదిలేయడం సబబుగా అనిపించలేదు.

సెల్‌ఫోను చేతిలో ఉంటే జనం వెనక్కి తిరిగి చూసే కాలంలో తమ్ముడు తీసుకున్న నంబరు అది. చీరల సంచుల మీద, క్యాలెండర్ల మీద, బుక్కరాయసముద్రం దారిలో ఒక గోడ మీద అంగడి పేరు కంటే ఆ నంబరే పెద్దగా కనిపిస్తుంది. ధర్మవరంలో మగ్గం మీది నుంచి మంచి చీర దిగితే నేతవాళ్ళు ఆ నంబరుకే చెబుతారు. ఎవరింట్లోనైనా ముహూర్తం కుదిరితే పురోహితుడి తర్వాత ఫోను దానికే. ఆ ఫోను ఇంటికి కూడా రాదు. రాత్రిళ్ళు అంగట్లోనే, దేవుడి పటం కింద ఛార్జింగులో పడుకుంటుంది.

ఈ ఆషాఢం తగ్గింపు అమ్మకాలకు తమ్ముడు దాంట్లోకి ఒక యాప్ ఎక్కించుకున్నాడు. ఒకసారి నొక్కితే బిల్లుల్లో ఉన్న నంబర్లన్నిటికీ మెసేజ్ పోతుందట. నొక్కాడు. పోయింది. అందులోని మాటలు అతని సొంతం: "అన్నా, మీరు పోయిన తూరి మా అంగట్లో తీసుకున్న పట్టుచీర మీ ఇంట్లో అందరికీ నచ్చింటాదని తలుస్తాం. అట్లాటివే మళ్ళీ వచ్చినాయి."

ఎక్కడో ఒక ఇంట్లో ఆ చీర అందరికీ నచ్చలేదు. ఫోను కంపెనీ నుంచి నోటీసు వచ్చింది. మామూలు నంబరు నుంచి, అడగనివారికి వ్యాపార సందేశాలు పంపినట్టు ఫిర్యాదు అందిందనీ, అవతలివారి సమ్మతి ఉంటే రుజువు చూపాలనీ, లేకుంటే సంజాయిషీ ఇవ్వాలనీ, సోమవారంలోగా జవాబు రాకపోతే నంబరు తీసేస్తామనీ దాని సారాంశం. నోటీసు వచ్చిన రోజు పొద్దున్నే అదే కంపెనీ మా తమ్ముడికి కాలర్ ట్యూన్ గురించి ఒక మెసేజ్, క్రికెట్ స్కోర్ల గురించి ఒకటి, ఆ రోజు రాశిఫలం గురించి ఇంకొకటి పంపింది. వాటికి సమ్మతి ఎవరిచ్చారో మాకు ఇప్పటికీ తెలియదు. రాశిఫలంలో మాత్రం ధనలాభం అని ఉంది.

తమ్ముడు నన్ను పిలిపించాడు.

"అన్నా, నీకు రూల్సంటే ప్రాణం కదా. ఇదేందో చూడు. సమ్మతి అంట సమ్మతి! మన అంగట్లో సోడా తాగనోడు ఒకడున్నాడా? సోడా తాగినోడు మనోడు కాదా? మనోనికి మెసేజ్ పెట్టేదానికి అర్జీ పెట్టుకోవాల్నా?"

చీర చూడడానికి పరుపు మీద కూర్చున్నవారికి చల్లటి సోడా ఇవ్వడం మా నాయన కాలం నుంచీ ఉన్న మర్యాద. అది సమ్మతి కింద చెల్లుతుందని మాత్రం నేను ఎక్కడా చదవలేదు.

అమ్మాయి కంప్యూటరులో నిబంధనలు తీసి చూపించింది. సందేశాలు పంపే వ్యాపారం ముందు తన పేరు నమోదు చేసుకోవాలి. మామూలు నంబరు నుంచి కాక, కేటాయించిన పేరు మీదే పంపాలి. ప్రతి సందేశం వాక్యాలనూ ముందే చూపించి ఆమోదం పొందాలి. ఆ తర్వాత ఖాళీలు నింపుకోవడం తప్ప ఒక్క మాట మార్చకూడదు. పొద్దున పదికి ముందు, రాత్రి తొమ్మిది తర్వాత పంపకూడదు. పుచ్చుకునేవారి సమ్మతి ఉండాలి. వద్దనుకుంటే వాళ్ళు మానుకునే దారి కూడా మనమే చూపించాలి. చదువుతుంటే నాకు కడుపు నిండింది. రిటైరయ్యాక ఇంత చక్కటి నిబంధనలు నా చేతికి రాలేదు. తమ్ముడికి ఆ మాట చెబితే అతను నా వైపు చూసిన చూపు ఇక్కడ రాయదగింది కాదు.

నమోదుకు అమ్మాయి అప్పటికే కాగితాలు పెట్టి పేరు తెచ్చుకుంది. మిగిలింది వాక్యాల ఆమోదం. శ్రావణం సందేశం తానే రాస్తానని తమ్ముడు పట్టుబట్టాడు. "అక్కా, శ్రావణం వచ్చె. మీరు రాకపోతే చీరలు బాధపడతాయి" అని రాశాడు. ఎవరు పంపుతున్నారో స్పష్టంగా లేదని ఫోను కంపెనీవాళ్ళు తిరస్కరించారు.

"నేను గాక ఇంగెవరు పంపుతారు ఇట్ల?" అన్నాడు తమ్ముడు.

మళ్ళీ రాశాడు. ఈసారి అంగడి పేరు, మా నాయన పేరు, అంగడికి దారి, ఎదురుగా ఉన్న ఇడ్లీ హోటలు, చీరల బాధ అన్నీ పెట్టాడు. అదీ తిరిగొచ్చింది. చివరికి అమ్మాయి ఇంగ్లీషులో రెండు ముక్కలు రాసి పంపితే మరుసటి రోజే ఆమోదించారు. అంగడి పేరు, తగ్గింపు ఉందన్న మాట, తేదీకి ఒక ఖాళీ. అంతే. తమ్ముడు దాన్ని చదివించుకుని, "ఇది కరెంటు బిల్లు మాదిరి ఉండాది" అన్నాడు.

ఇక సమ్మతులు. పాత కొనుగోలుదారులకు ఫోను చేసి అడుగుదామన్నాడు తమ్ముడు. అడగడానికి చేసే ఫోను కూడా అడగని ఫోనే అవుతుందని అమ్మాయి చెప్పింది. అందుకని అంగడికి వచ్చినవారిని వచ్చినట్టే అడగాలని తీర్మానించుకుని, బిల్లు బల్ల పక్కన నాకు కుర్చీ వేశారు. చేతిలో సమ్మతి పత్రాలు. పత్రం మాటలు నేనే రాశాను. చదివినవారెవరూ అర్థం కాలేదని అనలేదు. చదివినవారే తక్కువ.

మా వైపు ఒక పద్ధతి ఉంది. చీర ఎంచేది ఆడవాళ్ళు, నంబరు చెప్పేది మగవాళ్ళు. బిల్లు దగ్గర ఫోను నంబరు అడగ్గానే ఆడమనిషి మాట్లాడకుండా భర్త వైపు తల తిప్పుతుంది. ఆయన తన నంబరు చెబుతాడు. ఇది ఎంత సహజంగా జరుగుతుందంటే, చీరలు తప్ప మరేమీ అమ్మని అంగడి బిల్లుల్లో ఒక్క ఆడమనిషి నంబరూ లేదన్న సంగతి ఇన్నేళ్ళలో మాలో ఎవరికీ తట్టలేదు. కాబట్టి నేను సమ్మతి అడిగిందీ మగవాళ్ళనే.

మొదటి ఆయన పత్రాన్ని దూరంగా పట్టుకుని చూశాడు.

"ఏం సంతకమప్పా ఇది?"

"శ్రావణంలో మా అంగడి సందేశాలు మీకు పంపడానికి సమ్మతి."

ఆయన వెనక్కి తిరిగాడు. భార్య అద్దం ముందు కొంగు భుజాన వేసుకుని చూసుకుంటోంది. ఆయన నా చెవి దగ్గరికి వంగి, "పెద్దాయనా, నీకు దండం పెడతా. శ్రావణం అయిపోయేదాకా మా ఇంటికి ఏ కబురూ రాకుండా చూడు" అన్నాడు.

ఇంకొకాయన, "ఇది ఆధార్‌కు లింకు అయితాదా? మా నాయన పింఛను పోతాదా?" అని అడిగాడు. పోదని నేను హామీ ఇచ్చాను. "అయినా ఎందుకులే" అని పత్రం వెనక్కి ఇచ్చాడు. ఒకాయన సోడా తాగి, మూతి తుడుచుకుని, "చూద్దాంలే" అన్నాడు.

"చూద్దాం అంటే సరే అన్నట్టే. రాసుకో అన్నా" అన్నాడు తమ్ముడు గల్లా దగ్గర నుంచి.

"నిన్న నీ భార్య తిరుపతి పోదామంటే నువ్వు కూడా చూద్దాం అంటివి. టికెట్లు తీసినావా?"

తమ్ముడు గల్లాపెట్టె సర్దుకోవడం మొదలుపెట్టాడు. ఆ వారమంతా నా దగ్గర పోగైనవి కాదన్నవారి పత్రాలే. అవి కూడా చక్కగా కట్టగట్టి పెట్టాను.

ఆదివారం నాటికి పరిస్థితి ఇది. తెల్లవారితే గడువు. నోటీసు వచ్చిన నాటి నుంచి తమ్ముడు రోజూ నిద్ర లేవగానే ఇంటి నుంచి అంగడి నంబరుకు ఫోను చేసి, ఖాళీ అంగట్లో అది మోగుతోందో లేదో విని, ఆ తర్వాతే పళ్ళు తోముకుంటున్నాడు. ఎవరో కొనుగోలుదారుడు బాగున్నావా అంటే, "నంబరు ఉండాదన్నా, బాగుండా" అని జవాబు చెప్పాడు. దాన్నిబట్టి మిగతాది ఊహించుకోవచ్చు.

జవాబు రాయడానికి అమ్మాయి సిద్ధంగా కూర్చుంది.

"సమ్మతి ఉండాదని రాయి" అన్నాడు తమ్ముడు. "నోటి మాటతో ఇచ్చినారని రాయి. సోడా సంగతి కూడా రాయి."

"రుజువు అడుగుతారు నాయనా. సీసాలు పంపాల్నా?" అంది అమ్మాయి.

అంతసేపూ చీరలు మడత పెడుతున్న మరదలు తల ఎత్తింది. "ఇంతమంది మగోళ్ళను అడిగినారు కదా బావా, చీర కట్టుకునేదాన్ని ఒక్కదాన్నన్నా అడిగినారా?"

"నంబరు ఎవరిదో వాళ్ళే సమ్మతించాలమ్మా. అది రూలు."

"అయితే వాళ్ళ నంబరే అడగాల్సింది."

"ఆడవాళ్ళు చెప్పరు కదా."

"అడిగేటప్పుడు మీరు యాడ చూస్తాండారు? మొగుని మొగం చూసి అడిగితే మొగుడే చెప్తాడు."

అమ్మాయి నవ్వు ఆపుకోవడానికి కంప్యూటరు వెనక్కి వంగింది. నేను ఏదో అనబోయేంతలో షట్టరును ఎవరో గట్టిగా తట్టారు.

వచ్చినవాళ్ళ మీద దుమ్ము అంగుళం మందాన ఉంది. ఆషాఢం గాలికి ఎదురుగా శింగనమల నుంచి బండి మీద వచ్చారు. వాన పడి ఉంటే ఆ రైతు చెనిక్కాయ విత్తుకుంటూ ఉండేవాడు, మా గొడవ ఇంత దూరం వచ్చేది కాదు. పడలేదు. ఆమె చేతిలో భర్త ఫోను ఉంది.

"ఈ మెసేజ్ పంపింది ఎవరు?" అని అడిగింది. మా తమ్ముడి మెసేజే. "పోయిన తూరి తీసుకున్న పట్టుచీర అంట. నాకు పట్టుచీర వచ్చి ఎన్నో ఏండ్లు అయ్యె. ఏ చీర? ఎవరికి?"

ఆమె వెనక నిలబడిన భర్త కళ్ళతో, కనుబొమలతో, చివరికి మీసంతో కూడా మా తమ్ముడికి సైగలు చేస్తున్నాడు. వ్యాపారం చేసేవాడికి అవి ఇట్టే అర్థమవుతాయి.

"పొరపాటున పోయింటాదక్కా" అన్నాడు తమ్ముడు.

"పొరపాటున మా ఆయన నంబరు మీకు ఎట్ల తెలిసె?"

తమ్ముడు సోడా తెప్పించమన్నాడు. ఆమె వద్దంది. నా వైపు తిరిగింది.

"పెద్దాయనా, తెల్లబట్టలు కట్టుకోని, పెన్ను పట్టుకోని కూర్చున్నారు. మీరు అబద్ధం చెప్పేటోళ్ళ మాదిరి లేరు. మా ఆయన ఈడ చీర తీసినాడా లేదా?"

"అమ్మా, కొన్నవారి వివరాలు వారి సమ్మతి లేకుండా ఇంకొకరికి చెప్పకూడదు" అన్నాను. ఉన్న మాటే అన్నాను.

"కరెక్టు" అన్నాడు రైతు, వచ్చాక మొదటిసారి నోరు తెరిచి. "ఆ పెద్దమనిషి చెప్పింది శానా కరెక్టు."

"సరే. ఆయన ఈడే ఉండాడు కదా" అందామె. "అడగండి సమ్మతి."

పద్ధతి ప్రకారం అది సరైన కోరికే. నేను లేచి నిలబడి, తమరి కొనుగోలు వివరాలు తమరి భార్యకు తెలియజేయడానికి తమరికి సమ్మతమేనా అని అడిగాను. రైతు ఫ్యాను వైపు చూశాడు.

"ఈయకపోతే ఏమైతాది?"

"ఏమీ కాదు. ఇవ్వను అనే హక్కు మీకుంది."

"ఆ హక్కు ఇంటికాడ పనికొస్తాదా పెద్దాయనా?"

నిబంధనల్లో దానికి జవాబు లేదు. ఆ మాటే చెప్పాను. ఆయన పరుపు అంచున కూలబడ్డాడు.

"మా చెల్లెలికి తీసినా" అన్నాడు. "దాని గృహప్రవేశానికి. మా అమ్మ పెట్టినట్టు పెట్టిస్తి."

 ఆమె భర్త వైపు తిరిగింది.

"అదా! నేను అందరి ముందర ఫ్యాన్సీ చీర పెడ్తి. మా అత్త ఎనకాలే వచ్చి పట్టుచీర పెట్టె. ఇంట్లో కూర్చునే ముసలామెకు ఇన్ని దుడ్లు యాడియబ్బా అని తలకాయ పగలగొట్టుకుంటి. నాకు చెప్పింటే నేనే వచ్చి తీసిచ్చేదాన్ని కదా? నీ చెల్లెలికి పెట్టొద్దంటానా?" మళ్ళీ ఏదో గుర్తొచ్చి ఆగింది. "అదీ ఆకుపచ్చది! ఆ పాప ఛాయకు ఆకుపచ్చ ఎవరన్నా తీస్తారా?"

"నేను అప్పుడే చెప్తి అక్కా, మెరూన్ తీసుకోమని" అన్నాడు తమ్ముడు.

అలా వివరాలు బయటపడ్డాయి. ఇప్పుడామె సోడా తాగింది. రైతు రెండు తాగాడు. తాగి, ఫిర్యాదు చేసింది తానేనని ఒప్పుకున్నాడు. మెసేజ్ భార్య కంట పడిన రాత్రి కోపం ఎవరి మీద చూపించాలో తెలియక అంగడి మీద చూపించాడట.

"మీ నంబరే పోతాదని నాకు తెలీదప్పా. వచ్చేటప్పుడు బుక్కరాయసముద్రం కాడ గోడ మీద చూస్తి. మా పెండ్లి చీరలు ఈడియే కదా. ఏముండాది, నేనే పంపమన్యానని రాసిస్తా. కాగితం ఈండి."

తమ్ముడి ముఖం వెలిగింది. నేను రాసిపెట్టుకున్న సమ్మతి పత్రాన్ని వారమంతటిలో మొదటిసారి తన చేతుల్లోకి తీసుకుని, గుండీ నొక్కిన పెన్నుతో సహా అందించాడు. అడిగిన రుజువు అదే. అది ఉంటే నంబరు ఉంటుంది.

"పంపమని మీరు అడగలేదు" అన్నాను నేను. "ఫిర్యాదు చేసిన మనిషే సమ్మతి ఇచ్చానంటే ఎవరు నమ్ముతారు? పైగా అది అబద్ధం."

"అన్నా!" అన్నాడు తమ్ముడు. ఆ ఒక్క మాటలోనే మా నాయన, ఆ గోడ, ధర్మవరం మగ్గాలు అన్నీ ఉన్నాయి.

ఈలోగా ఆమె భర్త చేతిలోంచి పెన్ను లాక్కుంది. "నా మొగుడు చీరల మెసేజీలు అడిగి తెప్పించుకుంటాడని కాగితం మీద పెడతారా? రేపు అది ఊర్లో తిరిగితే నేను ఏమని చెప్పేది? ఉన్నదున్నట్టు రాయండి."

తమ్ముడు ఫోను మీద చెయ్యి పెట్టుకున్నాడు. వ్యాపారంలో అతను అబద్ధం ఆడినా చీర మంచిదనిపించడానికి ఆడతాడు గానీ, కాగితం మీద ఆడడం అతనికి ఎప్పుడూ చేతకాలేదు. ఆఖరికి, "రాయి పాపా" అన్నాడు. "సమ్మతి లేదు. తెలీక పంపినాం. ఈ నంబరు నుంచి ఇంగ పంపం. అంతే రాయి."

అమ్మాయి రాసింది. నేను రెండు కామాలు సరిచేశాను. తన ముందు క్షమాపణ చెప్పారనీ, ఇక తనకు అభ్యంతరం లేదనీ రైతు కింద ఒక వాక్యం రాసి సంతకం పెట్టాడు. అది నిజం. గడువు లోపలే జవాబు వెళ్ళిపోయింది.

వాళ్ళు లేవబోతుంటే అమ్మాయి ఒక పత్రం పట్టుకుని ఆమె ఎదురుగా నిలబడి, ఆమె ముఖమే చూస్తూ అడిగింది. "అక్కా, శ్రావణం మెసేజీలు మీకు పంపొచ్చునా? మీ నంబరు చెప్తారా?"

ఆమె అలవాటుగా భర్త వైపు తల తిప్పింది. ఆయన నోరు తెరిచాడు. మరదలు దగ్గింది. ఆమె తల మళ్ళీ ఇటు తిప్పి, సంచి అడుగున చేతిగుడ్డలో చుట్టి పెట్టిన తన ఫోను తీసి, తన నంబరు చెప్పి, సంతకం పెట్టింది. అంగడికి దొరికిన మొదటి సమ్మతి అది.

మర్నాడు తెల్లవారీ తెల్లవారకముందే తమ్ముడు చెప్పుల్లేకుండా మా ఇంటికి పరిగెత్తుకు వచ్చాడు.

"అన్నా, పోయె! నంబరు పోయె! మోగడం లేదు, ఏదో ఆడమనిషి మాట్లాడతాంది!"

నేను ఫోను చెవి దగ్గరి నుంచి దించాను. "ఆమె ఏమంటాంది?"

"బిజీ అంటాంది."

"బిజీగానే ఉంటుంది. నేను చేస్తున్నాను."

విచారిస్తే, అదే సమయానికి వాళ్ళింటి మేడ మీద నుంచి అమ్మాయి, వంటింట్లో నుంచి మరదలు కూడా అదే నంబరుకు చేస్తూ ఉన్నారు. ఖాళీ అంగట్లో దేవుడి పటం కింద ఆ ఫోను ఊపిరాడకుండా మోగుతూ ఉండి ఉంటుంది.

అంగడి తెరిచిన కాసేపటికి కంపెనీ జవాబు వచ్చింది. ఈసారికి హెచ్చరికతో వదిలిపెడుతున్నామని, నంబరు కొనసాగుతుందని. తమ్ముడు దాన్ని అమ్మాయి చేత రెండోసారి చదివించుకున్నాడు. దాని వెనకే కాలర్ ట్యూన్ మెసేజ్ కూడా వచ్చింది. ఈసారి దాన్ని ఎవరూ తిట్టలేదు.

ఏ రూలూ లెక్కచేయని మా తమ్ముడు పదయ్యేదాకా గడియారం కింద నిలబడ్డాడు. పది కొట్టగానే అమ్మాయి నొక్కింది. ఆమోదం పొందిన పేరు మీద, ఆమోదం పొందిన వాక్యాల్లో, సమ్మతించిన ఒకే ఒక్క మనిషికి సందేశం వెళ్ళింది.

ఇంతలోనే పాత నంబరు మోగింది. శింగనమల ఆమె.

"అన్నా, మెసేజ్ వచ్చె. ఇంగ్లీషులో ఉండాది. ఏం రాసినారు దాంట్లో?"

తమ్ముడు నా వైపు చూశాడు. నేను ఆలోచించాను. ఆమె తానే ఫోను చేసింది. అడిగినదానికి జవాబు చెప్పకూడదని ఎక్కడా లేదు. తల ఊపాను.

అతను పరుపు మీద బాసిపట్లు వేసుకుని కూర్చుని, గొంతు సవరించుకున్నాడు.

"అక్కా, శ్రావణం వచ్చె. మీరు రాకపోతే చీరలు బాధపడతాయి..."

అక్కడి నుంచి మా నాయన దగ్గరికి, ఎదురుగా ఉన్న ఇడ్లీ హోటలు దగ్గరికి మాటల్లోనే వెళ్ళాడు. ఆమె నవ్వు నా కుర్చీ దాకా వినిపించింది. చివరికి ఆమె, ఆకుపచ్చ గాక ఇంకేం రంగులు ఉండాయో చెప్పమంది.